ఆడుమళయాళంలో నవ్వు: స్త్రీపురుష భేదాలపై తెలుగు వ్యంగ్యం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• స్త్రీపురుష భేదాల మీద వచ్చే హాస్యంలో పరిహాసం, వెక్కిరింత, వ్యంగ్యం అనే మూడింటిని వేరుచేసి చెప్పగలుగుతారు.
• కందుకూరి వీరేశలింగం 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు'లోని ఆడుమళయాళ కల్పన బలాన్నీ, పరిమితినీ వివరించగలుగుతారు.
• అదే పద్ధతిని వాడిన ఇతర భారతీయ రచనలతో దాన్ని పోల్చగలుగుతారు.
• మీ చుట్టూ వినిపించే జోకులకు ఈ విమర్శ సూత్రాలను అన్వయించగలుగుతారు.

1. పరిచయం

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని తెలుగులో ఒక సామెత ఉంది. చిన్నప్పటి నుంచీ విన్న మాట కాబట్టి దీని గురించి మనం పెద్దగా ఆలోచించం. ఆలోచిస్తే ఇందులో రెండు శాసనాలు కనిపిస్తాయి. స్త్రీ నవ్వకూడదన్నది మొదటిది. పురుషుడు ఏడవకూడదన్నది రెండోది. నవ్వు ఒకరి సొత్తు, ఏడుపు మరొకరి వంతు అని సామెత పంచి పెట్టింది. ఆ హద్దు దాటినవాళ్ళను అనుమానించమని సలహా కూడా ఇచ్చింది.

మన అలంకారశాస్త్రం సంగతి మరింత విచిత్రంగా ఉంటుంది. భరతుని నాట్యశాస్త్రం హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలుగా చెప్పింది. వీటిని ఉత్తమ, మధ్యమ, అధమ పాత్రలకు రెండేసి చొప్పున కేటాయించింది. హాస్యరసం స్త్రీలలోనూ నీచప్రకృతి గల పాత్రలలోనూ ఎక్కువగా కనిపిస్తుందని కూడా అన్నది. సామెత స్త్రీని నవ్వవద్దంటుంది. శాస్త్రం స్త్రీ నవ్వును తక్కువ రకం పాత్రల నవ్వు పక్కన కూర్చోబెడుతుంది. రెండు చోట్లా నవ్వు మీద అధికారం ఆమె చేతిలో లేదు.

అందువల్ల స్త్రీపురుష భేదాల మీద హాస్యాన్ని చదివేటప్పుడు అది బాగా నవ్వించిందా లేదా అన్న ప్రశ్నతో ఆగిపోతే సరిపోదు. ఎవరు నవ్విస్తున్నారు? ఎవరిని చూసి నవ్వమంటున్నారు? నవ్వు ఆగిన తరువాత మన మనసులో ఏం మిగిలింది? ఈ మూడు ప్రశ్నలనూ ఈ భాగమంతా గుర్తుపెట్టుకోండి. వీటిని పరీక్షించడానికి తెలుగు వచన సాహిత్యం తొలి దశలో వచ్చిన ఒక సాహసమైన కల్పనను తీసుకుందాం.

2. పరిహాసం, వెక్కిరింత, వ్యంగ్యం

వాడుకలో ఈ మూడు మాటలనూ మనం ఇంచుమించు ఒకే అర్థంలో వాడతాం. విమర్శలో మాత్రం వీటి మధ్య తేడా చూడాలి.

పరిహాసం చనువు నుంచి పుడుతుంది. బావామరదళ్ళ సరసం, పెళ్ళిలో వియ్యాలవారి మీద పాడే పాటలు పరిహాసాలు. ఈరోజు ఒక పక్షం నవ్వితే రేపు రెండో పక్షానికి వంతు వస్తుంది. పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారిని ఎంత మాటన్నా ఎవరూ తగవుకు రారు. ఏడాది పొడవునా మాట పడే ఆడపెళ్ళివారికి ఆ ఒక్కపూట నోరు దొరుకుతుంది.

వెక్కిరింతలో వంతు ఉండదు. ఒక పక్షం ఎప్పుడూ అనేదిగా, మరొకటి ఎప్పుడూ పడేదిగా ఉంటుంది. ఆడవాళ్ళకు లెక్కలు రావు, ఆడవాళ్ళ నోట్లో మాట దాగదు వంటివి వెక్కిరింతలు. వీటికి రుజువులతో పనిలేదు. ముందే ఉన్న నమ్మకాన్ని తట్టి లేపడమే వీటి పని.

వ్యంగ్యం పైకి ఒకటి చెబుతూ లోపల మరొకటి సూచిస్తుంది. మంచి వ్యంగ్యం మనం సహజమనుకున్నదాన్ని వింతగా చూపిస్తుంది. అందుకే అది కొంత రెచ్చగొడుతుంది. వెక్కిరింత కూడా రెచ్చగొట్టవచ్చు. అయితే వెక్కిరింత రెచ్చగొట్టినప్పుడు బాధపడేది మాట పడినవారు. వ్యంగ్యం రెచ్చగొట్టినప్పుడు ఇబ్బంది పడేది ఆ ఏర్పాటు వల్ల సుఖపడుతున్నవారు. ఈ తేడాను పట్టుకుంటే రాబోయే చర్చ సులభమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1) పరిహాసానికీ వెక్కిరింతకూ మధ్య గల ప్రధానమైన తేడా ఏమిటి?
2) మీ ఊరి పెళ్ళిళ్ళలో వినే ఒక పరిహాసపు పాటను గుర్తు చేసుకుని, అందులో ఎవరిని చూసి ఎవరు నవ్వుతున్నారో రెండు వాక్యాల్లో రాయండి.

3. కందుకూరి: సంస్కర్త చేతిలో హాస్యం

కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు, 1919 మే 27న మద్రాసులో మరణించారు. ఆయన పేరు వినగానే వితంతు వివాహాలు గుర్తుకువస్తాయి. వితంతు పునర్వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. కాని తెలుగు నేల మీద ఆయన పూనికతో తొలి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. చట్టానికీ పెళ్ళికీ మధ్య పాతికేళ్ళ దూరం ఉంది. చట్టం మారినంత మాత్రాన మనుషుల మనసులు మారవని ఈ దూరమే చెబుతుంది. ఆ మధ్యకాలంలో మనసుల మీద పనిచేయడానికి కందుకూరి వాడిన పనిముట్లలో హాస్యం ఒకటి.

1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించిన కందుకూరి హాస్యసంజీవని అనే హాస్యపత్రికను కూడా నడిపారు. ముసలి వరుడికి పసిపిల్లనిచ్చి చేసే పెళ్ళి మీద 'బ్రాహ్మవివాహము', న్యాయస్థానాల్లోని అక్రమాల మీద 'వ్యవహార ధర్మబోధిని' వంటి ప్రహసనాలు రాశారు. వీటిలో హాస్యం సూటిగా ఉంటుంది. చెడ్డవాడు ఎవరో పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. ఆ చెడ్డవాడు తాను కాదని కూడా అతడు వెంటనే నిశ్చయించుకుంటాడు. ప్రహసనానికి ఉన్న చిక్కు ఇదే. డెబ్బై ఏళ్ళ పెళ్ళికొడుకును చూసి నలభై ఏళ్ళ పెళ్ళికొడుకు హాయిగా నవ్వుకోగలడు.

'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' 1890ల తొలినాళ్ళ రచన. పాఠకుడికి తప్పించుకునే దారి లేకుండా చేయడానికి ఇందులో కందుకూరి మరో పద్ధతి ఎంచుకున్నారు.

4. ఆడుమళయాళం: కల్పన పనిచేసే తీరు

ఈ రచనకు ప్రేరణ జోనథన్ స్విఫ్ట్ 1726లో ఆంగ్లంలో ప్రకటించిన గలివర్ యాత్రలు. గలివర్ ఒకసారి అంగుళాల మనుషుల మధ్య, మరోసారి తాటిచెట్టంత మనుషుల మధ్య చిక్కుకుంటాడు. మనిషి కొలత మారితే అతని గొప్పతనం ఏమవుతుందో స్విఫ్ట్ చూపించాడు. కందుకూరి కథలోని సత్యరాజు మొదట చేరుకునేది ఆడుమళయాళం. అక్కడి మనుషుల కొలత మనదే, మారినది వారి స్థానం. అక్కడ రాజ్యం స్త్రీలది. పురుషులు ఘోషాలో ఉంటారు. మన దేశంలో స్త్రీకి పాతివ్రత్యం బోధించినట్టే అక్కడ పురుషుడికి పత్నీవ్రత ధర్మం బోధిస్తారు. భార్యను సేవించడమే అతనికి పుణ్యం, ఇల్లే అతనికి లోకం.

స్త్రీల రాజ్యం అన్న ఊహ తెలుగువారికి కొత్తది కాదు. జైమిని భారతంలో ప్రమీల కథ ఉంది. 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు దాన్ని తెలుగు చేశాడు. అశ్వమేధాశ్వం వెంట వచ్చిన అర్జునుడిని ప్రమీల ఎదిరిస్తుంది, చివరికి వరిస్తుంది. ఆ కథలో స్త్రీరాజ్యం పురుషుడు వచ్చేదాకా సాగే ఏర్పాటు మాత్రమే. పెళ్ళితో దాని చిక్కు విడిపోతుంది. వింటున్నవారికి లోకం మళ్ళీ తన దారిన పడిందన్న తృప్తి కలుగుతుంది.

కందుకూరి ఈ పాత ఊహను తీసుకుని దాని ప్రయోజనాన్ని మార్చారు. ఆయనకు స్త్రీరాజ్యం శృంగారానికి రంగస్థలం కాదు, అద్దం. అక్కడి స్త్రీలు పురుషుల మీద ప్రయోగించే ధర్మాలు కొత్తగా కల్పించినవి కావు. మన ఇళ్ళలో, మన పురాణ కాలక్షేపాల్లో నిత్యం వినిపించేవే. కర్తను, కర్మను తారుమారు చేయడం తప్ప రచయిత చేసిన మార్పు లేదు. ఈ పద్ధతిని మనం విపర్యయం అందాం.

విపర్యయానికి ఉన్న బలాన్ని మన భాషలోనే చూడవచ్చు. 'పతివ్రత' అంటే ఎవరూ నవ్వరు. 'పత్నీవ్రతుడు' అంటే, శ్రీరాముడి సందర్భంలో తప్ప, పెదవి మీద చిరునవ్వు వస్తుంది. 'జనానా' అన్న మాట నిజాం రాజ్యంలో పెరిగిన తరాలకు మామూలు మాట. 'మర్దానా' అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి అర్థం వెతుక్కోవాలి. భర్త పోయిన స్త్రీని సూచించే 'విధవ' అన్న మాట 'వెధవ'గా మారి అందరినీ తిట్టే తిట్టయింది. భార్య పోయిన పురుషుడికి 'విధురుడు' అన్న మాట నిఘంటువులో ఉన్నా వీధిలో లేదు. పిరికి మగవాణ్ణి 'ఆడంగి' అని తిడతాం. చురుకైన ఆడపిల్లను 'మగరాయుడు' అని మందలిస్తాం. రెండు తిట్లలోనూ తప్పు హద్దు దాటడమే.

ఆడుమళయాళం ఈ హద్దును తిరగేసి గీసింది. చదువుతున్న పురుషుడు మొదట నవ్వుతాడు. పాపం, మగవాళ్ళను ఇంట్లో పెట్టి తాళం వేస్తారట అనుకుంటాడు. రెండో క్షణంలో తన ఇంటి తలుపు గుర్తుకువస్తుంది. ఈ రెండు క్షణాల మధ్యనే కందుకూరి వ్యంగ్యం పనిచేస్తుంది. ప్రహసనంలోలాగ ఇక్కడ పాఠకుడు చెడ్డవాణ్ణి వేరే ఎక్కడో చూపించి తప్పుకోలేడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1) ప్రమీల కథలోని స్త్రీరాజ్యానికీ ఆడుమళయాళానికీ ప్రయోజనంలో గల భేదం ఏమిటి?
2) విపర్యయం అంటే ఏమిటి? తెలుగు మాటల నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

5. ఈ నవ్వులో ఉన్న చిక్కు

ఇంతవరకు చెప్పినది ఈ కల్పన బలం. విమర్శకుడు ఇక్కడితో ఆగితే సంస్కర్తకు నమస్కారం చేసినట్టవుతుంది గాని రచనను చదివినట్టు కాదు.

విపర్యయం మీద నిలబడిన హాస్యంలో సహజంగానే ఒక ప్రమాదం ఉంది. పురుషుడు ఘోషాలో ఉండటం మనకు ఎందుకు నవ్వు తెప్పిస్తుంది? అది అసహజమని మనం ముందే నమ్ముతున్నాం కాబట్టి. పురుషుణ్ణి బంధించడం అసహజమైతే స్త్రీని బంధించడం మాత్రం సహజమెలా అవుతుందని అడగమని రచయిత ఉద్దేశం. కాని పాఠకుడు ఆ ప్రశ్న దాకా నడవకుండా మొదటి మెట్టు మీదే కూర్చోవచ్చు. ఆడవాళ్ళు రాజ్యం చేస్తే ఇట్లాగే ఉంటుంది సుమా అని పుస్తకం మూసేయవచ్చు. అప్పుడు సంస్కరణ కోసం రాసిన వాక్యమే సంస్కరణకు అడ్డుపడే జోకుగా మారుతుంది. ఒకే వాక్యం ఇద్దరు పాఠకుల దగ్గర రెండు వ్యతిరేక పనులు చేయగలగడం వ్యంగ్యానికి పుట్టుకతో వచ్చిన లక్షణం.

రెండో చిక్కు కథ చెప్పే గొంతుకు సంబంధించినది. ఆడుమళయాళాన్ని మనకు చూపించేది ఒక పురుషుడు. ఇక్కడి నమ్మకాలతో పెరిగి అక్కడికి వెళ్ళిన యాత్రికుడు. ఘోషా ఎంత బాధో మనకు తెలిసేది పురుషుడు దాన్ని అనుభవించినప్పుడే. నిజంగా ఆ బాధ అనుభవిస్తున్న మన దేశపు స్త్రీ ఈ ఏర్పాటులో నేరుగా మాట్లాడదు. ఆమె బాధకు పురుషుడి శరీరం అరువు తెచ్చుకుంటే తప్ప పాఠకులు గుర్తించరన్న లెక్క ఇందులో ఉంది. ఆనాటి పాఠకులలో అత్యధికులు పురుషులు కాబట్టి ఆ లెక్క వ్యూహంగా సరైనదే. అయినా అది వ్యూహమేనని మనం గుర్తించాలి.

మూడోది కందుకూరి ఆలోచనలోని హద్దు. ఆయన 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక ప్రారంభించారు. ఆ పత్రిక పేరులోనే ఎవరికి బోధిస్తున్నారో, ఏ ఆదర్శం వైపు బోధిస్తున్నారో తెలుస్తుంది. స్త్రీకి చదువు కావాలి, పసితనంలో పెళ్ళి వద్దు, వైధవ్యం శిక్ష కాకూడదు అన్నంతవరకు ఆయన ఎంతో ముందున్నారు. చదువుకున్న స్త్రీ మంచి గృహిణి కావాలన్న ఆదర్శాన్ని మాత్రం ఆయన దాటలేదు. ఆయన వ్యంగ్యం పాతివ్రత్యాన్ని తలకిందులు చేసి చూపించినంత దూరం ఆయన బోధ వెళ్ళలేదు. ఇది ఆయన మీద ఆరోపణగా చెప్పడం లేదు. హాస్యం కొన్నిసార్లు రచయిత కంటే ముందు నడుస్తుంది. ఉపన్యాసంలో అనలేని మాటను కల్పిత దేశంలో పెట్టి అనవచ్చు. కందుకూరి విషయంలో జరిగినది ఇదేనని మా అభిప్రాయం. ఆడుమళయాళం విలువ కూడా అక్కడే ఉంది.

6. పోలిక: ఇద్దరు స్త్రీలు రాసిన వ్యంగ్యం

కందుకూరికి ముందు ఒకరు, తరువాత ఒకరు, ఇద్దరు స్త్రీలు ఇదే విషయాన్ని పట్టుకున్నారు. వారి పక్కన పెడితే పై చిక్కులు మరింత స్పష్టమవుతాయి.

మొదటి వ్యక్తి తారాబాయి షిండే. మహారాష్ట్రలోని బుల్ఢాణాకు చెందినవారు. ఆమె మరాఠీలో రాసిన 'స్త్రీపురుష తులన' 1882లో వెలువడింది. సూరత్‌కు చెందిన విజయలక్ష్మి అనే యువ వితంతువు శిశుహత్య చేసిందని న్యాయస్థానం 1881లో ఆమెకు మరణశిక్ష విధించింది. తరువాత ఆ శిక్షను ద్వీపాంతరవాసంగా తగ్గించారు. ఈ కేసును అడ్డుపెట్టుకుని పత్రికలు స్త్రీజాతి నీతి మీద ధర్మోపన్యాసాలు మొదలుపెట్టాయి. దానికి జవాబుగా తారాబాయి ఈ పుస్తకం రాశారు. స్త్రీలకు అంటగట్టే దోషాలను ఒక్కొక్కటే తీసుకుని, ఇవి పురుషులలో లేవా అని నిలదీశారు. కల్పిత దేశం లేదు, యాత్రికుడు లేడు. తక్కెడ ఒక్కటే ఉంది. ఆమె వ్యంగ్యంలో కోపం దాగదు. ఆ కోపాన్ని ఆనాటి సంస్కర్తలలో కొందరు సహించలేకపోయారు. జోతిరావు ఫూలే మాత్రం ఆమెను బహిరంగంగా సమర్థించారు. స్త్రీల పక్షాన పురుషుడు నవ్విస్తే మెచ్చుకునే సమాజం తన పక్షాన తానే మాట్లాడిన స్త్రీని వెంటనే మెచ్చుకోదని ఈ అనుభవం చూపిస్తుంది.

రెండో వ్యక్తి బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్. ఆమె ఆంగ్లంలో రాసిన 'సుల్తానా కల' 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో వచ్చింది. ఆ పత్రిక సంపాదకురాలు తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్తియనాథన్. సుల్తానా కలలో చూసిన దేశంలో పురుషులు మర్దానాలో ఉంటారు. స్త్రీలు సూర్యుడి వేడిని పట్టి వంట చేస్తారు, మేఘాల నుంచి నీరు తీస్తారు, గాలిలో ప్రయాణిస్తారు. శత్రువులు దండెత్తితే అదే సూర్యుడి వేడితో తరిమివేస్తారు.

రొకేయా విపర్యయానికీ కందుకూరి విపర్యయానికీ తేడా చూడండి. ఆడుమళయాళంలో స్త్రీలు మన పురుషులు చేసే అన్యాయాన్నే తిరిగి చేస్తారు. అందువల్ల అది తప్పును చూపించే అద్దం. సుల్తానా దేశంలో స్త్రీలు యుద్ధాలు, నేరాలు లేని వ్యవస్థను కూడా నిర్మించారు. అది అద్దమూ, కిటికీ కూడా. బలం ఉన్నంత మాత్రాన అధికారం రావాలా అన్న వాదానికి కూడా ఆమె హాస్యంతోనే జవాబిస్తారు. మనిషి కంటే సింహానికి బలం ఎక్కువ, ఏనుగుకు మెదడు పెద్దది. అంతమాత్రాన అవి మనల్ని ఏలుతున్నాయా అన్నది ఆమె తర్కం. ప్రమాదకరమైనవాళ్ళను బంధించాలి గాని ప్రమాదంలో ఉన్నవాళ్ళను బంధించడమేమిటని ఆమె పాత్ర అడుగుతుంది. ఈ ప్రశ్న వేయడానికి ఆమెకు పురుషుడి శరీరం అరువు తెచ్చుకోవలసిన పని లేదు. ఘోషా ఆమె స్వయంగా ఎరిగినదే.

అయితే రొకేయా కల్పనకూ ఒక పరిమితి ఉంది. పురుషులు శాశ్వతంగా మర్దానాలో ఉంటేనే శాంతి అన్నట్టుగా కథ నడుస్తుంది. ఒకరి తాళం తీసి మరొకరికి వేయడం న్యాయమా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఈ ప్రశ్న మనకు తోచడమే ఆ వ్యంగ్యం సాధించిన ఫలితం. మర్దానా అన్యాయమని తోచిన పాఠకుడు జనానాను సమర్థించలేడు.

7. ఇంటి హాస్యం: కాంతం, అత్తగారు

సంస్కరణోద్యమ కాలం దాటాక తెలుగులో స్త్రీపురుష హాస్యం కల్పిత దేశాల నుంచి ఇంటి వసారాలోకి వచ్చింది. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలు దీనికి మేలైన ఉదాహరణ. మధ్యతరగతి సంసారంలోని చిన్న చిన్న తగవులు, అలకలు, రాజీలు వీటి వస్తువు. భర్త తన తెలివితక్కువతనాన్ని తానే చెప్పుకుంటాడు. మాటకు మాట చెప్పే కాంతం ముందు అతడు తరచుగా ఓడిపోతాడు. వెక్కిరింతకు ఉండే కాఠిన్యం వీటిలో లేదు. అయినా మన మొదటి ప్రశ్న ఇక్కడ కూడా వేయాలి. కథ చెప్పే గొంతు భర్తదే. కాంతం ఎంత గెలిచినా ఆ గెలుపును మనకు వడ్డించేది అతడే.

భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'లో గొంతు కోడలిది. సినిమాల్లోనూ సామెతల్లోనూ అత్త అంటే గయ్యాళి, కోడలు అంటే బాధితురాలు. ఇద్దరు స్త్రీల మధ్య పగను చూపించి లోకం నవ్వుకుంటుంది. భానుమతి ఆ అత్తనే ఆచారాలు, అమాయకత్వం, చాదస్తం కలిసిన నిండు మనిషిగా నిలబెట్టారు. కోడలు నవ్వుతుంది, కాని ఆ నవ్వులో మమకారం ఉంది. స్త్రీకి స్త్రీయే శత్రువన్న పాత జోకును ఈ కథలు వాదించకుండానే పక్కకు నెట్టాయి. నవ్వే ఆడదాన్ని నమ్మవద్దన్న సామెతకు ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

రంగస్థలంలోనూ ఇదే తేడా చూడవచ్చు. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టినప్పుడు ప్రేక్షకులు పురుషుణ్ణి మరచిపోయేవారు. నేటి టీవీ హాస్యస్కిట్లలో చీరకట్టిన నటుడి విషయంలో ప్రేక్షకులు అతడు పురుషుడేనని మరచిపోకుండా ఉండటమే నవ్వుకు మూలం. మొదటిది స్త్రీ సౌందర్యాన్నీ అభిమానాన్నీ పురుషుడు సాధన చేసి అందుకోవడం. రెండోదానిలో తరచుగా స్త్రీత్వమే జోకు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
1) 'అద్దం', 'కిటికీ' అన్న పోలికల ద్వారా ఆడుమళయాళానికీ సుల్తానా కలకూ గల తేడాను వివరించండి.
2) కాంతం కథలలోనూ అత్తగారి కథలలోనూ కథ చెప్పే గొంతు ఎవరిది? దానివల్ల హాస్యంలో వచ్చిన మార్పు ఏమిటి?

8. అన్వయం: సాగర్ రోడ్డు మీద బస్సు

విమర్శ సూత్రాలు పాత పుస్తకాలకే పరిమితమైతే వాటితో మీకు పనిలేదు. కాబట్టి మీరు రోజూ చూసే ఒక సందర్భాన్ని తీసుకుందాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆనాటి నుంచి ఫోన్లలో తిరిగే జోకుల్లో ఒక పెద్ద భాగం దీని మీదే. ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీ నగర్ వైపు వెళ్ళే బస్సులో మీరు నిలబడి ఉన్నప్పుడు ఇవి మీ చెవిన పడే ఉంటాయి.

ఒక రకం జోకు ఇది: ఫ్రీ బస్సు వచ్చాక ఆడవాళ్ళు పనేమీ లేకపోయినా ఊళ్ళు తిరుగుతున్నారు. దీనికి మూలం కొత్తది కాదు. ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు అన్న సామెతకు జీరో టికెట్ అంటించారు, అంతే. స్త్రీ ప్రయాణానికి కారణం చూపాలి, పురుషుడి ప్రయాణానికి అక్కరలేదు అన్న నమ్మకం ఈ జోకుకు పెట్టుబడి. యాచారం నుంచో మంచాల నుంచో కూరగాయల గంపతో ఎక్కిన స్త్రీ, ఆసుపత్రికి వెళ్ళే స్త్రీ, తరగతులకు వచ్చే విద్యార్థిని ఇందులో కనిపించరు. మన పరిభాషలో ఇది వెక్కిరింత.

రెండో రకం: డబ్బులిచ్చిన మగవాడు నిలబడతాడు, ఇవ్వని ఆడది కూర్చుంటుంది. దీన్ని తొందరపడి కొట్టిపారేయకూడదు. ఇందులో నిజమైన ఇబ్బంది ఉంది. రోజుకూలీకి వెళ్ళే పురుషుడు గంటసేపు కిక్కిరిసిన బస్సులో నిలబడటం బాధే. ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని చెప్పిన సమాజం అతని బాధను కూడా జోకుగానే చెప్పుకోనిస్తుంది. అయితే ఈ జోకు గురి తప్పింది. రద్దీకి సరిపడా బస్సులు లేకపోవడం అతని బాధకు కారణం. పక్క సీట్లో కూర్చున్న మరో కూలీ స్త్రీ కారణం కాదు. అధికారం ఉన్నచోటికి వెళ్ళవలసిన బాణం పక్కనున్న బలహీనుడికి తగిలితే అది వ్యంగ్యం కాదు.

మూడో రకం మనమే తయారు చేద్దాం. కందుకూరి పద్ధతిలో ఒక ఊరిని ఊహించండి. అక్కడ మగవాడు బస్సెక్కగానే కండక్టరమ్మ, "ఎక్కడికి తమ్మీ ఒక్కడివే? ఇంట్ల చెప్పొచ్చినవా? చీకటి పడకముందే ఇల్లు చేరుకో" అంటుంది. వెనక సీట్లోని నలుగురు ఆడవాళ్ళు అతని చొక్కా కురచగా ఉందని గుసగుసలాడతారు. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద సాయంత్రం కూర్చునే మగపిల్లవాణ్ణి చూసి, ఏ ఇంటివాడో, పెంపకం బాగాలేదంటారు. ఇందులోని ఒక్క మాట కూడా కల్పన కాదు. చిరునామా మాత్రమే మారింది. చదివి నవ్వు వస్తే, ఆ నవ్వు ఎక్కడ ఆగిందో గమనించండి.

గ్రామ పంచాయతీలను కూడా ఇట్లాగే చూడవచ్చు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి స్థానిక సంస్థల్లో మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు ఇచ్చింది. తెలంగాణలో ఇప్పుడు అది సగం. గెలిచినది భార్య అయినా కుర్చీలో కూర్చునేది భర్త అని 'సర్పంచ్ పతి' మీద జోకులు వేస్తాం. ఆ జోకును రెండు విధాలుగా చెప్పవచ్చు. ఆమెకేం తెలుసు అన్నట్టు చెబితే అది ఆమె మీద వెక్కిరింత. ఓటు వేయించుకోని మనిషి సంతకానికి ఎగబడుతున్నాడని చెబితే అది అతని మీద వ్యంగ్యం. విషయం ఒక్కటే, గురి వేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి, ఇన్ని లెక్కలు వేస్తే ఎవరూ నవ్వలేరని కొందరంటారు. లెక్క వేయడం వల్ల నవ్వు చచ్చిపోదు. కందుకూరిని, రొకేయాను, భానుమతిని ఇంత విశ్లేషించాక కూడా వారి రచనలు నవ్విస్తూనే ఉంటాయి. విశ్లేషించగానే వాడిపోయే జోకులో హాస్యం మొదటి నుంచీ తక్కువే. మన అలవాటే ఇంతకాలం దాని బదులు నవ్వింది. స్త్రీపురుషుల మీద జోకులే వద్దని ఈ పాఠం చెప్పడం లేదు. రెచ్చగొట్టే జోకు కావాలి. అది ఎవరిని రెచ్చగొడుతోందో మాత్రం మనకు తెలిసి ఉండాలి.

9. సారాంశం

స్త్రీపురుష భేదాల మీద హాస్యంలో పరిహాసానికి వంతు ఉంటుంది, వెక్కిరింతకు ఉండదు, వ్యంగ్యం సహజమనుకున్నదాన్ని వింతగా చూపిస్తుంది. కందుకూరి వీరేశలింగం ఆడుమళయాళంలో విపర్యయ పద్ధతితో ఘోషా, పాతివ్రత్యం వంటి ఏర్పాట్లను పురుషులకు వర్తింపజేసి, పాఠకుడు తన ఇంటినే చూసుకునేలా చేశారు. ఈ నవ్వు మొదటి మెట్టు మీదే ఆగిపోయే ప్రమాదం, పురుషుడి గొంతులోనే వినిపించడం, రచయిత ఆదర్శాల్లోని హద్దు దీని పరిమితులు. తారాబాయి షిండే సూటి కోపంతోనూ, రొకేయా మరో లోకాన్ని నిర్మించడంతోనూ ఆ పరిమితులను దాటారు. భానుమతి నవ్వే హక్కును ఇంటి కోడలి చేతికిచ్చారు. నేటి జోకులను అంచనా వేయడానికి కూడా మూడు ప్రశ్నలు సరిపోతాయి: ఎవరు నవ్విస్తున్నారు, ఎవరిని చూసి, ఆ తరువాత ఏం మిగిలింది.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) ఆడుమళయాళ కల్పనలోని వ్యంగ్యాన్ని, దాని పరిమితులను విమర్శించండి.
2) కందుకూరి, తారాబాయి, రొకేయాల వ్యంగ్య పద్ధతులను పోల్చి రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) ప్రహసనంలో పాఠకుడు తప్పించుకునే దారి ఏమిటి? విపర్యయం దాన్ని ఎలా మూసివేస్తుంది?
2) 'హాస్యం కొన్నిసార్లు రచయిత కంటే ముందు నడుస్తుంది' – చర్చించండి.

III. అభ్యాసం
మీ ఊళ్ళో స్త్రీలకు మాత్రమే చెప్పే ఒక కట్టుబాటును ఎంచుకోండి. దాన్ని పురుషులకు వర్తింపజేస్తూ ఒక పేజీ రాయండి. రాసినదాన్ని ఇంట్లో ఒక స్త్రీకి, ఒక పురుషుడికి వేరువేరుగా చదివి వినిపించండి. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో గుర్తించి, సంపర్క తరగతిలో చర్చించండి.